అసలు ముద్రలు, అతికించిన ముళ్ళు: పన్నెండు వెండి ఫోర్కుల లాటుపై ఒక కేస్ స్టడీ

వేలంలో పాత వెండి భోజన సామగ్రి కొనే ప్రైవేటు సేకరణకర్తలకు, వస్తువును పరిశీలించి సలహా ఇవ్వడం నా వృత్తి. ఇక్కడ వివరిస్తున్న కేసులో సేకరణకర్త, విక్రేత, వేలం సంస్థ ఎవరన్నది ఊహించడానికి వీలిచ్చే వివరాలను తీసివేశాను. ఫోర్కుల మీది తయారీదారుల ముద్రలనూ, చెక్కిన కుటుంబ చిహ్నాన్నీ కూడా చెప్పడం లేదు. ఏ దశలో ఏ నిర్ణయాన్ని ఏ కారణంతో తీసుకున్నామన్నది మాత్రం జరిగిన క్రమంలోనే రాశాను. ఈ లాటులోని (వేలంలో ఒక్కటిగా కలిపి అమ్మే వస్తువుల గుంపులోని) ముద్రలన్నీ అసలువే, లోహమంతా మంచి వెండే, అయినా అందులో అధిక భాగం వేలం జాబితాలో చెప్పిన వస్తువు కాదు. నకిలీ అంటే నకిలీ ముద్రేనని అనుకునేవారికి ఈ కేసు ఉపయోగపడుతుందని దీన్ని ఎంచుకున్నాను.

నేపథ్యం

సేకరణకర్త చాలాకాలంగా 18వ శతాబ్దపు ఇంగ్లిష్ వెండి చెంచాలు కొంటున్న వ్యక్తి. పన్నెండుమంది కూర్చునే బల్లకు సరిపడేలా హానోవేరియన్ నమూనాలో చెంచాలు, ఫోర్కులు సమకూర్చుకోవాలన్నది ఆయన ఉద్దేశం. ఈ నమూనాలో కాడ చివర గుండ్రంగా ఉండి పైకి వంగి ఉంటుంది, ముందువైపు కాడ మధ్యలో సన్నని వెన్ను కనిపిస్తుంది. ఆ కాలంలో చెంచాలనూ ఫోర్కులనూ బల్ల మీద బోర్లా పెట్టేవారు కాబట్టి కుటుంబ చిహ్నాన్ని కాడ వెనుకవైపు చెక్కించేవారు. అప్పటి టేబుల్ ఫోర్కుకు సాధారణంగా మూడు ముళ్ళే ఉండేవి. నాలుగు ముళ్ళ ఫోర్కు ఆ శతాబ్దం చివరి భాగంలో గాని స్థిరపడలేదు.

చెంచాలు ఆయనకు సులువుగానే దొరికాయి. 1740, 1750 దశకాల టేబుల్ చెంచాలు విడిగానూ జతలుగానూ ఇప్పటికీ వేలాలకు తరచుగా వస్తాయి, వాటి ధర లోహం విలువకు మరీ దూరంగా ఉండదు. ఫోర్కుల సంగతి వేరు. ఫోర్కు ముళ్ళు ప్రతి పూటా పింగాణీ పళ్ళెం మీద గీసుకుంటూ అరిగిపోతాయి, వంగుతాయి, విరుగుతాయి. అరిగిన ఫోర్కులను కరిగించి కొత్త నమూనాలో చేయించుకోవడం ఆనాటి ఇళ్ళలో మామూలు విషయం. చెంచా అరిగినా పనికొస్తుంది, ముళ్ళు పొట్టిబడ్డ ఫోర్కు పనికిరాదు. అందువల్ల అదే తయారీదారు అదే ఏడాది చేసిన చెంచా కంటే ఫోర్కు ఎన్నో రెట్లు అరుదు, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. ఒకే వెండి, ఒకే ముద్రలు, దాదాపు ఒకే తూకం ఉన్న రెండు వస్తువుల మధ్య ఇంత ధర తేడా ఉన్నప్పుడు, తక్కువ ధర వస్తువును ఎక్కువ ధర వస్తువుగా మార్చే చెయ్యి ఎక్కడో ఒకచోట పుడుతుందని ముందే అనుకోవాలి.

నా దగ్గరకు రాకముందే ఆయన ఆన్‌లైన్ వేలంలో ఒక లాటు కొన్నారు. అవి జార్జ్ II కాలపు పన్నెండు మూడు ముళ్ళ టేబుల్ ఫోర్కులు, హానోవేరియన్ నమూనా, వివిధ తయారీదారులు, లండన్, 1740 నుంచి 1758 మధ్యవి, చిహ్నాలు తరువాతివి అన్నది జాబితాలోని వర్ణన సారాంశం. వేర్వేరు ఏళ్ళ, వేర్వేరు చేతుల వస్తువులను కలిపి కూర్చిన సెట్టు కావడం తప్పేమీ కాదు. ఆ కాలపు ఫోర్కులు పన్నెండూ ఒకే తయారీదారువి దొరకడమే అరుదు. కొనేముందు ఆయన వేలం సంస్థను స్థితి నివేదిక అడిగారు. ముద్రలు స్పష్టంగా ఉన్నాయి, వాడకపు గీతలు కొద్దిగా ఉన్నాయి, మొత్తం మీద స్థితి బాగుంది అని జవాబు వచ్చింది.

ఎదురైన సమస్య

కొన్నాక వాడుకలో పెట్టిన కొద్దికాలానికే ఒక ఫోర్కు మెడ దగ్గర, అంటే ముళ్ళ భాగం కాడతో కలిసేచోట, కొద్దిగా వంగింది. దానిని తుడిచి మెరుగు పెడుతున్నప్పుడు అక్కడే అడ్డంగా వెంట్రుకంత సన్నని మసక గీత కనిపించింది. దగ్గర్లోని వెండిపనివాడు చూసి, పాత అతుకు వదులైంది, మళ్ళీ టంకం పెడితే సరిపోతుందని చెప్పాడు. సేకరణకర్త ఆ పనికి ఒప్పుకోకుండా నన్ను సంప్రదించారు. ఈ కేసులో అన్నిటికంటే విలువైన నిర్ణయం అదే. అతుకు దగ్గర మళ్ళీ వేడి తగిలి ఉంటే పాత టంకం కొత్త టంకంతో కలిసిపోయేది, ఆ గీత ఎవరు ఎప్పుడు పెట్టిన అతుకో తేల్చే ఆధారం పోయేది.

ఆయన అడిగిన ప్రశ్న పరిమితమైనది: ఇది బాగుచేసిన ఫోర్కా, అయితే ధరలో ఎంత తగ్గినట్టు? ప్రశ్న సహేతుకమే. రెండున్నర శతాబ్దాల ఫోర్కుల్లో ఒకటి ఎప్పుడో విరిగి అతికించబడటం వింత కాదు, దాన్ని దాచకుండా చెబితే తప్పూ కాదు. అయితే ఫోర్కు సాధారణంగా మెడ దగ్గర విరగదు. ముళ్ళ మొదళ్ళ దగ్గరో, సన్నని కాడ మధ్యలోనో వంగుతుంది, విరుగుతుంది. సుత్తితో సాగగొట్టి చేసిన ఫోర్కుకు లోహం అతి దళసరిగా ఉండే చోటు మెడే. దళసరి చోటు మెత్తబడిందంటే, ఏదో ఒక కాలంలో దానికి గట్టి వేడి తగిలిందని అర్థం. అందువల్ల ఆ ఒక్క ఫోర్కునే కాకుండా పన్నెండింటినీ పంపమని అడిగాను.

ఏమి ప్రయత్నించారు, అవి ఎందుకు జవాబివ్వలేదు

నేను చూసేలోపు ఆయన తనకు తోచిన పరీక్షలు చేయించి ఉన్నారు. వాటిని ఇక్కడ చెప్పడం అవసరం, ఎందుకంటే చాలామంది మొదట చేసేవి అవే, వాటి ఫలితాలు తప్పు కూడా కావు.

మొదటిది ముద్రల పట్టికతో పోల్చడం. ఆ కాలపు లండన్ వెండి మీద నాలుగు ముద్రలు ఉండాలి: తయారీదారు ముద్ర, స్టెర్లింగ్ ప్రమాణాన్ని (వెయ్యికి 925 పాళ్ళ వెండి) చెప్పే నడిచే సింహం, కిరీటం ఉన్న చిరుత తల, ముద్ర వేసిన ఏడాదిని సూచించే సంవత్సరాక్షరం. సింహం 1544 నుంచి వాడుకలో ఉంది. చిరుత తల మీది కిరీటం 1821లో పోయింది. పన్ను చెల్లించినట్టు చూపే రాజు తల ముద్ర 1784 నుంచి 1890 వరకు మాత్రమే ఉంటుంది కాబట్టి ఈ ఫోర్కుల మీద అది ఉండకూడదు, లేదు కూడా. 1780ల వరకు చెంచాలకూ ఫోర్కులకూ ముద్రలను కాడ కింది భాగంలో, చెంచా గుంటకో ఫోర్కు ముళ్ళకో దగ్గరగా, విడివిడిగా కొట్టేవారు. ఆ దెబ్బలకు నలిగిన కాడను తిరిగి సరిచేసేటప్పుడు ముద్రలు కొంచెం సాగి వంకరపోయేవి. ఈ పన్నెండింటి ముద్రలకూ సరిగ్గా ఆ చోటు, ఆ సాగుడు ఉన్నాయి. పట్టిక ప్రకారం వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. పట్టిక చెప్పేది మాత్రం ఆ అంగుళం కాడ గురించే. పాత ఇంటి గుమ్మాన్ని తెచ్చి కొత్త ఇంటికి బిగించి, గుమ్మం మీద చెక్కిన ఏడాదిని ఇంటి వయసుగా చెబితే గుమ్మం అబద్ధం చెప్పినట్టు కాదు.

రెండోది నీటిలో తూచి సాంద్రత చూడటం. ఇది ఆయనే ఇంట్లో జాగ్రత్తగా చేశారు, స్టెర్లింగ్‌కు రావలసిన 10.3, 10.4 ప్రాంతపు విలువే వచ్చింది. నికెల్ సిల్వర్ (పేరులో తప్ప వెండి లేని మిశ్రలోహం) మీద పూత వేసిన వస్తువైతే ఈ అంకె స్పష్టంగా తక్కువ వచ్చేది. ఈ పరీక్ష లోపల వేరే లోహం ఉందా అన్నది చెబుతుంది, వెండికి వెండినే అతికిస్తే పట్టుకోలేదు.

మూడోది ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రంతో మేలిమి పరీక్ష. నగల దుకాణంలో ఒక ఫోర్కును ఇస్తే వెయ్యికి 925 పైనే చూపించి, నాణ్యత బాగుందన్నారు. ఇక్కడ రెండు చిక్కులు ఉన్నాయి. పరీక్షకు ఇచ్చింది ఒక ఫోర్కునే, యంత్రం ముందు పెట్టింది కాడనే. అడిగిన ప్రశ్న కూడా వెండి ఎంత అనే. అందులో వెండి కాకుండా ఇంకేముందన్నది ఎవరూ అడగలేదు. 925 కంటే బాగా ఎక్కువ చూపితే సంతోషించవలసిన పని లేదని కూడా చెప్పాలి. ఆ యంత్రం పైపొరనే చదువుతుంది. వెండి వస్తువును ఆమ్లంలో శుభ్రం చేసినప్పుడు పైనున్న రాగి తగ్గి వెండి శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. అతుకును దాచడానికి విద్యుత్ పద్ధతిలో స్వచ్ఛమైన వెండి పూత వేసినా అలాగే కనిపిస్తుంది. పాత ఫోర్కు మీద అతి మేలిమి కనిపిస్తే అనుమానం తగ్గకూడదు, పెరగాలి.

పన్నెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు

నేను మొదట చేసినది యంత్రం అవసరం లేని పని. ఫోర్కులను బోర్లా వరుసగా పరిచి, మెడలన్నీ ఒకే గీత మీదకు తెచ్చి, పక్కనుంచి వెలుగు పడేలా దీపం పెట్టి చూశాను. కాడలు ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఉన్నాయి: కొన్ని వెడల్పు, కొన్ని సన్నం, వెన్ను కొన్నింటికి పొడవు, కొన్నింటికి పొట్టి. వేర్వేరు ఏళ్ళలో వేర్వేరు చేతులు చేసినవి కాబట్టి అలాగే ఉండాలి. ముళ్ళ భాగాలు మాత్రం తొమ్మిదింటికి ఒకేలా ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళ వ్యవధిలో ఒకరితో ఒకరికి సంబంధం లేని పనివాళ్ళు సుత్తితో, ఆకురాయితో చేసిన ఫోర్కులకు కాడలు వేర్వేరుగా ఉండి, ముళ్ళు మాత్రం అంతగా కలవడం సాధ్యం కాదు. ఈ ఒక్క వైరుధ్యమే నన్ను మరమ్మతు అన్న ఊహ నుంచి పక్కకు తిప్పింది. ముళ్ళ కొనలు కూడా అదే మాట చెప్పాయి. వాడిన ఫోర్కులకు కొనలు అసమానంగా అరుగుతాయి, ఒక పక్క ముల్లు తరచుగా మిగతావాటికంటే పొట్టిబడుతుంది. మూడు ఫోర్కులకు అటువంటి అరుగుదల ఉంది, తొమ్మిదింటికి మూడు ముళ్ళూ నిండు పొడవుతో ఉన్నాయి.

తరువాత ఒక్కొక్క ఫోర్కు మెడ మీద నోటి ఆవిరి ఊదాను. చల్లని వెండి మీద ఆవిరి పట్టి ఆరిపోయే ఆ క్షణంలో టంకం గీత, చుట్టూ ఉన్న లోహం కంటే వేరుగా కనిపిస్తుంది. ఇది పాత పద్ధతే, వెండి వ్యాపారులందరికీ తెలిసినదే, ఖర్చులేనిది. పూత దళసరిగా ఉంటే ఇది పనిచేయదు. ఇక్కడ వాడకంతో పూత పలచబడిన ఐదింటిలో గీత కనిపించింది, నాలుగింటిలో కనిపించలేదు. కనిపించిన ఐదింటిలోనూ అది ముద్రల చివరి నుంచి దాదాపు ఒకే దూరంలో ఉంది. మరమ్మతులైతే ఒక్కొక్కటి ఒక్కోచోట ఉండాలి. ఇలా కొలిచి కోసినట్టు ఉండవు.

భూతద్దం కింద ఇంకో విషయం బయటపడింది. అరుగుదల ఉన్న మూడు ఫోర్కుల్లో ఒకదాని నడిమి ముల్లు లోపలి అంచున, మొదలుకు దగ్గరలో, చిన్న నొక్కు ఉంది. ఎప్పుడో ఏదో తగిలి పడినది. అదే నొక్కు, అదే చోట, అదే ఆకారంలో మిగిలిన తొమ్మిది ఫోర్కులకూ ఉంది. ఆ ఒక్క ఫోర్కు నుంచి అచ్చు తీసి, తొమ్మిది ముళ్ళ భాగాలను పోతపోశారని దీనితో తేలింది. పోతపోసిన వెండి చల్లారేటప్పుడు కొంత కుంచించుకుపోతుంది కాబట్టి నకలు మూలం కంటే చిన్నదిగా రావాలి. మెడ అడ్డకొలత, ముళ్ళ నడుమ సందుల లోతు కొలిచి చూస్తే తొమ్మిదింటిలోనూ మూలం కంటే కొంచెం తక్కువే వచ్చాయి. ముళ్ళ సందుల్లో సూదిమొనంత రంధ్రాలు కూడా అక్కడక్కడ కనిపించాయి. అవి పోతపనికి గుర్తులు, సాగగొట్టిన వెండిలో ఉండవు. కొనలు మాత్రం మూలం కంటే పొడవుగా ఉన్నాయి. అచ్చులో వాటిని పొడిగించి ఉండాలి, అరిగిన కొనలతో సెట్టు అందంగా ఉండదు గదా.

అప్పటికి నా అంచనా ఇలా ఉంది. లాటులో మూడు ఫోర్కులు నిజమైనవి. మిగిలిన తొమ్మిది ఒకప్పుడు హానోవేరియన్ టేబుల్ చెంచాలు. వాటి గుంటలను ముద్రల కింద కోసివేసి, పోతపోసిన ముళ్ళ భాగాలను అతికించి, పూత వేసి, పాత చిహ్నాలను చెరిపి అన్నిటికీ ఒకే కొత్త చిహ్నం చెక్కించారు. చెరిపిన చోట కాడ వేలికి తెలిసేంత పలచగా ఉంది. చెంచాను ఫోర్కుగా మార్చడానికి ఇంకో పాత పద్ధతి ఉంది: గుంటనే చదును చేసి, అంచులు కోసి, అందులోంచే ముళ్ళు తీయడం. చెంచా గుంట పలచన కాబట్టి ఆ ముళ్ళు రేకులా ఉంటాయి, చేతిలో పట్టుకోగానే ముందుభాగం తేలికగా అనిపిస్తుంది. ఇక్కడ ఎంచుకున్న పద్ధతి ఖర్చుతో కూడినది, అందుకే తూకంలో గాని చేతి బరువులో గాని దొరకలేదు.

సేకరణకర్తకు దీన్ని నమ్మడం కష్టమైంది. ముద్రలు అసలువైతే మోసం ఎలా అవుతుందని ఆయన పదేపదే అడిగారు. ముద్రను ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకు మార్చడం ఇంగ్లిష్ వెండి చరిత్రలో కొత్త కాదని చెప్పాను. 1720 నుంచి 1758 వరకు వెండి వస్తువుల మీద ఔన్సుకు ఆరు పెన్నీల పన్ను ఉన్న కాలంలో, కొందరు తయారీదారులు ఒక చిన్న వస్తువుకు ముద్ర వేయించి, ఆ ముద్ర ఉన్న ముక్కను కోసి పెద్ద పాత్ర అడుగున అతికించి పన్ను తప్పించుకున్నారు. అవి కనీసం ఆ కాలపు పాత్రలే. ఇక్కడి ముళ్ళ భాగాలు ఏ కాలానివన్నది ఇంకా తేలవలసి ఉంది.

అదే యంత్రం, వేరే ప్రశ్న

ఈ దశలో మళ్ళీ ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ వైపే వెళ్ళాం, ఈసారి లోహ విశ్లేషణలో అనుభవం ఉన్న ప్రయోగశాలకు. అడిగిన ప్రశ్నలు మూడు: కాడలోనూ ముళ్ళలోనూ బంగారం, సీసం జాడలు ఎంతెంత ఉన్నాయి, అతుకు గీత మీద ఏ లోహాలు ఉన్నాయి, పూత ఉన్నచోటికి, అది అరిగినచోటికి తేడా ఎంత. 19వ శతాబ్దంలో విద్యుత్ పద్ధతిలో శుద్ధి చేయడం మొదలయ్యేదాకా వెండి నుంచి బంగారాన్ని, సీసాన్ని పూర్తిగా వేరుచేయలేకపోయేవారు. అందువల్ల పాత వెండిలో వాటి జాడలు కొలవగలిగినంతగా మిగిలి ఉంటాయి. ఆధునికంగా శుద్ధి చేసిన వెండిలో అవి దాదాపు ఉండవు.

పన్నెండు కాడల్లోనూ బంగారం, సీసం జాడలు ఉన్నాయి. మూడు ఫోర్కుల ముళ్ళలో కాడలో ఉన్నంతే ఉన్నాయి. తొమ్మిదింటి ముళ్ళలో లేవు. అతుకు గీత మీద కాడ్మియం కనిపించింది. కాడ్మియం కలిపిన వెండి టంకాలు 20వ శతాబ్దపువి, కాబట్టి అతుకు వేసింది అంతకుముందు కాదు. పాత వెండిని కరిగించి ముళ్ళు పోతపోసి ఉంటే బంగారం, సీసం జాడలు వాటిలోనూ కనిపించేవి, అప్పుడు ఈ పరీక్ష ఒంటరిగా తేల్చలేకపోయేది. అందుకే నొక్కు ఫోటోలనూ కొలతలనూ నివేదికలో ముందుపెట్టి, రసాయన ఫలితాలను వాటి వెనుక ఉంచాను. ఒకే లోపం పది వస్తువుల్లో ఉందని ఫోటోలో చూపితే చదివేవారికి విశ్లేషణ శాస్త్రం తెలియవలసిన అవసరం లేదు.

వేలం సంస్థతో

సంస్థ నిబంధనల్లో నకిలీ వస్తువు విషయమై కొనుగోలుదారు నిర్ణీత గడువులో రాతపూర్వకంగా తెలియజేయాలని ఉంది. ఈ గడువు కొన్ని సంస్థల్లో వారాల్లోనే ముగుస్తుంది, కొన్నింటిలో ఏళ్ళ వరకు ఉంటుంది. ఇక్కడ ఇంకా మిగిలి ఉంది. మొదటి లేఖ సేకరణకర్త తానే రాశారు, ఫోర్కులు నకిలీవి కాబట్టి సొమ్ము తిరిగి ఇవ్వమని. సంస్థ మర్యాదగా నిరాకరించింది: ముద్రలు అసలువి, వెండి అసలుది, జాబితాలో వివిధ తయారీదారులు అనీ చిహ్నాలు తరువాతివనీ చెప్పామని. నకిలీ అన్న మాట మీద వాదన సాగితే వారి నిర్వచనంలోనే చిక్కుకుంటామని అప్పుడు అర్థమైంది.

రెండో లేఖలో దారి మార్చాం. బ్రిటన్‌లో 1973 హాల్‌మార్కింగ్ చట్టం ప్రకారం, ముద్ర ఉన్న వస్తువుకు అస్సే కార్యాలయం (మేలిమి పరీక్షించి ముద్ర వేసే కార్యాలయం) అనుమతి లేకుండా కొత్త భాగం చేర్చడం, దాన్ని మార్చడం నేరం. నకిలీ అవునా కాదా అన్న వివాదం జోలికి పోకుండా, ఈ తొమ్మిదింటి విషయంలో అటువంటి మార్పు జరిగిందనడానికి ఈ ఆధారాలు ఉన్నాయి, కాబట్టి మొత్తం లాటును ఇరుపక్షాల సమ్మతితో లండన్ గోల్డ్‌స్మిత్స్ కంపెనీకి చెందిన ఆంటీక్ ప్లేట్ కమిటీ పరిశీలనకు పంపుదామని ప్రతిపాదించాం. ఆ కమిటీ 1939 నుంచి ఇటువంటి అనుమానపు వస్తువులను చూస్తోంది. చట్టపరంగా సందేహం ఉన్న సరుకును తమ పేరు మీద ఉంచుకోవడం ఏ వేలం సంస్థకూ ఇష్టం ఉండదు. ప్రతిపాదనను వెంటనే ఒప్పుకున్నారు.

ఈ మధ్యలో ఒక చర్చ వచ్చింది. నిజమైన మూడు ఫోర్కులను ఉంచుకుని తొమ్మిదింటినే వెనక్కి ఇవ్వాలని సేకరణకర్త ఆశించారు. అది వద్దన్నాను. లాటు ఒకే ఒప్పందంగా అమ్ముడైంది. మూడింటికి ధర ఎంత, తొమ్మిదింటికి ఎంత అని విడదీయడం మొదలుపెడితే బేరం వస్తుంది, బేరం వస్తే ఆధారాల బలం తగ్గుతుంది. పైగా అచ్చు తీయడానికి వాడిన ఫోర్కు ఆ మూడింటిలోనే ఉంది. అది పక్కన లేకపోతే తొమ్మిదింటి మీది నొక్కుకు మూలం చూపలేం. మొత్తం లాటు వెళ్ళింది, కమిటీ అభిప్రాయం మా అంచనాతో ఏకీభవించింది, ప్రీమియంతో (పాట ధర మీద వేలం సంస్థ కొనుగోలుదారు నుంచి వసూలు చేసే రుసుముతో) సహా సొమ్ము తిరిగి వచ్చింది. తరువాత ఆ మూడు ఫోర్కులు సరైన వర్ణనతో విడి లాటుగా వేలానికి వచ్చాయి. ఆయన పాడారు, ముందే నిర్ణయించుకున్న హద్దు దాటగానే ఆపేశారు, వేరెవరో కొన్నారు.

ఆ తరువాతి సేకరణ

పన్నెండుమంది బల్ల కోరిక అలాగే ఉంది. నేను అడిగినది ఒక్కటే: ఫోర్కులు తినడానికా, అల్మారాలో చూసుకోవడానికా? ఆయన రెండూ అన్నారు, అదే చిక్కు. తినడానికైతే 1800 నుంచి 1840 మధ్యకాలపు ఓల్డ్ ఇంగ్లిష్ లేదా ఫిడిల్ నమూనా నాలుగు ముళ్ళ ఫోర్కులు మేలు. అవి పెద్ద సెట్లుగా తయారయ్యాయి, ఇంకా పుష్కలంగా దొరుకుతాయి, ధర తక్కువ కాబట్టి చెంచాను ఫోర్కుగా మార్చాలన్న ఆశ కూడా ఎవరికీ ఉండదు. 1740ల మూడు ముళ్ళ ఫోర్కులను ఒకటి, రెండు చొప్పున, తొందర లేకుండా, అల్మారా కోసం కొనవచ్చు. ఆయన ఒక ఓల్డ్ ఇంగ్లిష్ డజను తీసుకుని, పాత ఫోర్కులను విడిగా వెతకడం మొదలుపెట్టారు. ఇంతవరకు మంచివి కొన్ని చేరాయి. కత్తుల విషయంలో పాతవాటి జోలికి పోవద్దన్నాను. ఆ కాలపు కత్తి పిడి పలుచని వెండి రేకు, లోపల రాళ (రెసిన్) వంటి పదార్థం నింపి ఉంటుంది, వేడినీళ్ళు తగిలితే వ్యాకోచించి పగులుతుంది. వాటి పిడికి తూకం లెక్క కూడా ఉండదు.

పాడే హద్దును ఎలా లెక్కించాలన్నది కూడా మార్చాం. అంతకుముందు ఆయన పాట ఖరారయ్యే ధరనే మనసులో పెట్టుకునేవారు. ప్రీమియం 25 శాతం, ఆ ప్రీమియం మీద 20 శాతం వ్యాట్ అయితే వంద పౌండ్ల పాటకు కట్టవలసింది 130 పౌండ్లు, ఆపై రవాణా, బీమా, దేశం దాటితే సుంకం. అందువల్ల మొత్తం ఖర్చు ఇంత మించకూడదని మొదట రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసి పాట హద్దు తీస్తాం. పాట నడుస్తుండగా ఆ అంకెను మార్చకూడదన్నది మా మధ్య ఒప్పందం.

నేర్చుకున్నవి

స్థితి ఎలా ఉందని అడిగితే వేలం సంస్థ స్థితి గురించే చెబుతుంది, అందులో తప్పు లేదు. ఇప్పుడు మేం పంపే ప్రశ్నలు వేరు. మెడ భాగం వెనుకవైపు నుంచి, పక్క నుంచి దగ్గరి ఫోటోలు. అన్ని ఫోర్కుల ముళ్ళ కొనలు ఒకే వరుసలో పెట్టిన ఫోటో. ఒక్కొక్క ఫోర్కు తూకం విడిగా, ట్రాయ్ ఔన్సుల్లోనో గ్రాముల్లోనో. ఏ ఫోర్కు మెడ దగ్గరైనా అతుకు గాని టంకం గాని కనిపిస్తోందా అన్న ప్రశ్నకు అవును లేదా కాదు అన్న జవాబు. ఈ చివరి ప్రశ్నకు రాతలో జవాబు ఇవ్వడానికి ఇష్టపడని లాటును వదిలేయడమే ఉత్తమం. జవాబు ఇచ్చాక అది తప్పని తేలితే, ఆ రాత తరువాతి వాదనకు జాబితాలోని వర్ణన కంటే గట్టి ఆధారం అవుతుంది.

సెట్టులో నమూనా పరీక్షకు ఒకదాన్ని తీసి మిగిలినవాటికి తీర్పు చెప్పకూడదు. ఈ లాటులో నిజమైన మూడు ఫోర్కులు ఏదో పొరపాటున కలిసినవి కావని నా అభిప్రాయం. వాటిలో ఒకటి అచ్చుకు మూలం. మిగతావి వేలం గదిలో ఒకటి తీసి చూసేవారి చేతికి దొరకడానికి ఉంచినవి. దీన్ని రుజువు చేయలేను, కానీ ఇలా కూర్చిన లాటులు ఒకటికి మించి చూశాక దీన్ని కాకతాళీయం అనుకోలేకపోతున్నాను.

సెట్టంతటా ఒకే చిహ్నం కొత్తగా, పదునుగా ఉండి, దాని కింద కాడ పలచబడి ఉంటే వేరే ఆనవాలు అవసరం లేకుండానే ఆగి ఆలోచించాలి. చిహ్నాలు తరువాతివి అని జాబితా చెప్పడం నిజాయితీగానే ఉండవచ్చు. కానీ వేర్వేరు ఇళ్ళ నుంచి వచ్చిన చెంచాలను ఒక కుటుంబపు సెట్టుగా కనిపించేలా చేయడానికి అంతకంటే తేలిక దారి లేదు. నకిలీ పనివాడు శ్రమపడేది చూసేవారి కన్ను మొదట వెళ్ళే చోటే, అంటే ముద్రలు, చిహ్నం, మెరుగు. మెడ వెనుకవైపూ, ముళ్ళ సందులూ, కాడ దళసరీ అతను చివరికి వదిలేసే చోట్లు. సేకరణకర్త ఇప్పుడు ఏ ఫోర్కునైనా చేతిలోకి తీసుకోగానే ముందు బోర్లా తిప్పి మెడ చూస్తున్నారు, ముద్రల దగ్గరకు ఆ తరువాతే వెళ్తున్నారు. ఇటీవల ఒక జత విషయంలో అక్కడే ఆగి, పాడకుండా జాబితా మూసేశారు. ఆ జత అసలుదో కాదో నేను చూడలేదు.